మా ఊళ్ళో 3 రోజులు నాటికలు వేయించాలనుకుంటున్నాం, పోటీ పెట్టాలా? మంచి నాటికల్ని పిలిపించుకోవాలా?

తణుకు_పక్కన

అందరికీ నమస్కారం అండి. మాది తణుకు దగ్గర ఒక పల్లెటూరు. రామాలయం పక్కన పాతకాలం ఓపెన్ స్టేజి ఒకటుంది, మా తాతగారి రోజుల్లో సంక్రాంతికి అక్కడ పద్య నాటకాలు తెల్లవార్లూ ఆడేవాళ్ళట, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళట. ఇప్పుడు దాని మీద ధాన్యం బస్తాలు పెడుతున్నారు, వినాయక చవితికి మాత్రం ఊడ్చి వాడతాం. పోయిన ఏడాది పని మీద గుంటూరు వెళ్ళినప్పుడు అనుకోకుండా ఒక పరిషత్తులో (అదే, నాటక పోటీలు జరిపే సంఘం) రెండు నాటికలు చూశాను, నిజం చెప్తున్నా రాత్రి నిద్ర పట్టలేదు, మనవాళ్ళు ఇంకా ఇంత బాగా వేస్తున్నారా అనిపించింది, మా ఊరివాళ్ళకి కూడా చూపించాలని అప్పటి నుంచి ఒకటే ఆలోచన.

ఫ్రెండ్స్ ఒక 15 మందిమి కలిశాం, సగం మంది హైదరాబాద్‌లో ఉద్యోగాలు, ఇద్దరు అమెరికాలో. అందరం తలా కొంత వేసుకుంటే 6 లక్షల దాకా వస్తుంది. సంక్రాంతికి 3 రోజులు పెడదామని. మాలో ఎవరికీ దీంట్లో అనుభవం లేదు. పోటీలు పెట్టాలా, మంచి నాటికలు వెతికి పిలిపించాలా? నాటికలు ఎలా ఎంచుకోవాలి? ఒక్కో టీంకి ఎంత ఇవ్వాలి? లైట్లు, మైకులు, పర్మిషన్లు ఎలా? ఊళ్ళో పెద్దవాళ్ళు మాత్రం ఈ రోజుల్లో నాటకం ఎవడు చూస్తాడ్రా, ఆర్కెస్ట్రా పెట్టండి అంటున్నారు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

పరిషత్తు_కార్యదర్శి

చాలా సంతోషం అబ్బాయ్. నేను గుంటూరు వైపు ఒక పరిషత్తులో 20 ఏళ్ళ పైనుంచి పని చేస్తున్నా, నాకు తెలిసింది చెప్తా.

నాటకం ఎవరు చూస్తారు అనేవాళ్ళకి పల్లెకోన చూపించు. భట్టిప్రోలు దగ్గర చిన్న ఊరు, పరుచూరి రఘుబాబు పేరు మీద అక్కడ పోటీలు జరుగుతాయి, రాష్ట్రంలో నాటకం వేసే ప్రతివాడికీ ఆ ఊరి పేరు తెలుసు. అంటే పల్లెటూళ్ళో జరగదు అనే మాటే లేదు, జరిపేవాళ్ళుండాలి.

పోటీయా, పిలిపించడమా అని అడిగావు కదా. మన దగ్గర పోటీ అలవాటు ఈనాటిది కాదు, 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పెట్టినప్పటి నుంచి మన నాటకం పరిషత్తుల చుట్టూనే తిరుగుతోంది, తర్వాత 1998 నుంచి ప్రభుత్వం నంది నాటకోత్సవాలు మొదలుపెట్టింది, అదీ పోటీయే. నాటక సమాజాలు, అంటే నాటకాలు వేసే బృందాలు, ఏడాదికో కొత్త నాటిక తయారుచేసేది ఈ పోటీల కోసమే. పోటీ అంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని వేస్తారు. కాబట్టి నా ఓటు పోటీకే.

కానీ పోటీ పెడితే నీ నెత్తిన రెండు బరువులు పడతాయి. మొదటిది స్క్రూటినీ, అంటే వచ్చినవాటిలోంచి పోటీకి నాటికల్ని ఎంపిక చేయడం. 6 నాటికలు కావాలని ప్రకటన ఇస్తే 30 స్క్రిప్టులు వస్తాయి. కాగితం మీద చదివి ఎంపిక చేయొద్దు, చదివితే బ్రహ్మాండంగా ఉన్నది స్టేజి మీద కదలదు, చదివితే మామూలుగా ఉన్నది ఒక నటుడి వల్ల లేచి నిలబడుతుంది. వీడియో చూసి కూడా నిర్ణయించొద్దు, మేమూ కరోనా తర్వాత రెండేళ్ళు వీడియోలు చూసి చేశాం, ఎక్కడో మూలన పెట్టిన కెమెరాలో గొంతు తప్ప ఏమీ తెలియదు. ఇద్దరు మనుషులు వెళ్ళి వేరే పరిషత్తులో ఆడుతున్నప్పుడు చూసి రావాలి, కుదరకపోతే రిహార్సల్‌కి వెళ్ళి చూడాలి. పెట్రోలు ఖర్చు అవుతుంది, అవనీ. నువ్వు ప్రేక్షకుల మధ్య కూర్చుని చూస్తే ఎక్కడ జనం కదిలారో, ఎక్కడ ఫోన్లు తీశారో కళ్ళారా కనిపిస్తుంది, మీ ఊరికి ఏది పనికొస్తుందో అక్కడే తేలిపోతుంది.

రెండోది న్యాయ నిర్ణేతలు. ముగ్గురు చాలు, మూడు రోజులూ ఆ ముగ్గురే అన్ని నాటికలూ చూడాలి. వాళ్ళలో ఎవరి రచన గానీ, ఎవరి శిష్యుల సమాజం గానీ పోటీలో ఉండకూడదు. ఒకసారి ఒక చోట ఇదే జరిగింది, బహుమతులు చదవగానే రెండు సమాజాల వాళ్ళు లేచి వెళ్ళిపోయారు, ఆ పరిషత్తు మళ్ళీ ఏడాది జరగలేదు.

డబ్బు సంగతి. మేం ఒక్కో నాటికకి ప్రదర్శన పారితోషికం 25 వేలు ఇస్తున్నాం, ఉత్తరాంధ్ర నుంచో రాయలసీమ నుంచో వచ్చేవాళ్ళకి దారి ఖర్చు ఇంకో 5 వేలు. ఇది వాళ్ళ ఖర్చుకి సగం. నాటిక అంటే స్టేజి మీద 6, 7 మందే కనిపిస్తారు గానీ మేకప్, సంగీతం, లైటింగ్, సెట్టు, అందరూ కలిపి 14, 15 మంది వ్యాన్‌లో దిగుతారు. ఆ కవరు నాటిక అయిన రాత్రే, వాళ్ళు బండెక్కక ముందే చేతిలో పెట్టాలి. తర్వాత ఫోన్‌పే చేస్తాం అనే మాట నీ నోట రాకూడదు.

6 లక్షల్లో 6 నాటికలకి పారితోషికాలు, దారి ఖర్చులు కలిపి 1 లక్షా 80 వేలు, లైట్లు మైకులు జనరేటర్ లక్షా 20, షామియానా కుర్చీలు 60, భోజనాలు 60, బహుమతులు జ్ఞాపికలు 60, న్యాయ నిర్ణేతల రాకపోకలు బస 40, కరపత్రాలు ఫ్లెక్సీలు 25. ఇంకో 55 వేలు మిగులుతాయి, వాటిని మాత్రం చివరి రోజు దాకా ముట్టుకోవద్దు.

ఇంకొక్కటి, భోగి సంక్రాంతి కనుమ మూడు రోజులూ వద్దు. మీ వైపు ఆ మూడు రోజులూ జనమంతా కోడిపందేల బరుల దగ్గరే ఉంటారు, సమాజాల వాళ్ళు కూడా పండగపూట ఇల్లు వదిలి రారు.

రంగస్థల_నటి

తమ్ముడూ, కార్యదర్శి గారు చెప్పనిది నేను చెప్తాను. నేను 22 ఏళ్ళుగా నాటికల్లో ఆడవేషాలు వేస్తున్నాను. పరిషత్తుల సీజన్ వస్తే మూడు నాలుగు సమాజాలకి వేస్తాను, నాలాంటి వాళ్ళం తక్కువమంది ఉన్నాం కాబట్టి అందరికీ మేమే కావాలి. మేకప్ చేసేవాళ్ళు, మ్యూజిక్ ఇచ్చేవాళ్ళు కూడా అంతే, ఒకే మనిషి ఐదు సమాజాల్లో ఉంటాడు. అందుకని నువ్వు ఏ రోజు ఏ నాటిక అని రాసుకునే ముందు ప్రతి సమాజం దగ్గర నటీనటుల పేర్లు, టెక్నీషియన్ల పేర్లు తెప్పించుకో. లేకపోతే 7 గంటల నాటికలో చచ్చిపోయిన తల్లి వేషం వేసి అరగంటలో ఇంకో నాటికలో కొత్త పెళ్ళికూతురిగా రావాల్సి వస్తుంది. నేను అలా వేశాను, జనం గుర్తుపట్టారు, ఆ రెండో నాటికకి అన్యాయం జరిగింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది. అదే రోజు పక్క జిల్లాలో ఇంకో పరిషత్తు ఉందేమో కూడా కనుక్కో.

గ్రీన్ రూం గురించి ఎవరూ మాట్లాడరు. ఓపెన్ స్టేజి అంటే వెనకాల టార్పాలిన్ కట్టి ఇదే గ్రీన్ రూం అంటారు. ఒక ఊళ్ళో గాలికి ఆ పట్టా లేచిపోతుంటే ఇద్దరు పిల్లలు చీరలు అడ్డం పట్టుకుని నిలబడితే బట్టలు మార్చుకున్నాను. పక్కన బడి ఉంటే రెండు గదులు అడుగు, ఒకటి ఆడవాళ్ళకి ప్రత్యేకంగా, లోపల గడియ పడాలి, పెద్ద అద్దం, ఫ్యాను, వెలుగు బాగా ఉండాలి, నీళ్ళు వచ్చే బాత్‌రూం దగ్గర్లో ఉండాలి. దానికి 5 వేలు కూడా ఖర్చు కాదు.

భోజనం కూడా. నాటిక ముందు మేం తినలేం, అయ్యాక రంగు కడుక్కుని వచ్చేసరికి లేటవుతుంది, అప్పటికి వడ్డించేవాళ్ళు గిన్నెలు సర్దేస్తారు. చివరి టీం తినేదాకా ఒక మనిషిని అక్కడ ఉంచు. వేడి అన్నం, పప్పు, ఆవకాయ ఉన్నా చాలు, కానీ వేడిగా ఉండాలి. రాత్రి బస్సులు ఉండవు కాబట్టి పడుకోవడానికి చోటు చూడు.

జనం రారని మాత్రం భయపడకు. పోయినేడు ఒక పల్లెలో వేశాం, నాటిక అయ్యాక ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చి నా చేతులు పట్టుకుని మా కోడలు కూడా చూస్తే బాగుండేదమ్మా, రేపు మళ్ళీ వేస్తారా అని అడిగింది. టౌన్ ఆడిటోరియంలో అలా ఎవరూ అడగలేదు నన్ను.

లైటింగ్_శీను

అన్నా ముందు స్టేజి కొలతలు పెట్టు, వెడల్పు ఎంత లోతు ఎంత నేల మీద నుంచి ఎత్తు ఎంత, పైన కప్పు ఉందా లేదా, ఇవి లేకుండా ఏం చెప్పినా గాల్లో మాటే. నాటికల సెట్లు మామూలుగా 30 బై 20 అడుగుల స్టేజికి సరిపోయేలా చేయించుకుంటారు, అంతకంటే బాగా చిన్నదైతే సోఫా వేశాక నటులకి నడవడానికి చోటుండదు.

లైట్లకి మీరు చేయాల్సింది ఒకటే, మూడు రోజులకీ ఒకే రిగ్ కట్టించండి, ముందు నుంచి వెలుగు, పక్కల నుంచి వెలుగు, వెనక తెల్ల తెరకి రంగులు, వెలుగు పెంచి తగ్గించడానికి ఒక డిమ్మర్ బోర్డు, ఫోకస్ ఒకసారి పెట్టాక ఎవరూ ముట్టుకోకూడదు. ఒక్కో సమాజం ఆపరేటర్ వచ్చి మొత్తం తిప్పేస్తే తర్వాత నాటికకి నటుడి మొహం చీకట్లో ఉంటుంది. ఎవరికైనా స్పెషల్ స్పాట్ కావాలంటే అదనంగా రెండు విడిగా పెట్టుకోండి. రెండు నాటికల మధ్య సెట్ మార్చడానికి 30 నిమిషాలు ఇవ్వాలి, 10 నిమిషాల్లో అయిపోతుంది అనేవాళ్ళని నమ్మొద్దు.

పెళ్ళిళ్ళకి సౌండ్ పెట్టేవాళ్ళని పెట్టుకోకండి, వాళ్ళకి నాటకం మైకు తెలీదు. పైనుంచి వేలాడే మైకులు మూడో నాలుగో, కింద ముందు అంచున రెండు, ఇవి మాట పట్టాలి గానీ పక్కన వచ్చే రొద పట్టకూడదు. అందుకే జనరేటర్ స్టేజి వెనక పెట్టకండి, వంద మీటర్ల అవతల పెట్టి కేబుల్ లాక్కోండి. ఫ్యాన్లు కూడా మైకులకి దూరంగా. ఊళ్ళో కరెంటు సింగిల్ ఫేజ్ అయితే లైట్లు దాని మీద వేయొద్దు, త్రీ ఫేజ్ లేకపోతే మొత్తం జనరేటర్ మీదే నడపండి, డీజిల్ లెక్కలో వేసుకోండి.

పర్మిషన్ సంగతి, ఓపెన్ స్టేజిలో రాత్రి 10 దాటాక మైకు వాడకూడదు, 2000 నాటి శబ్ద కాలుష్యం రూల్స్‌లో ఉంది. మూసి ఉన్న ఆడిటోరియం అయితే వేరే. ప్రభుత్వం పండగలకి, సాంస్కృతిక కార్యక్రమాలకి ఏడాదిలో మొత్తం 15 రోజులకి మించకుండా 12 దాకా సడలించొచ్చు కానీ మనం దాన్ని నమ్ముకుని ప్లాన్ చేయకూడదు. పోలీస్ స్టేషన్‌లో ముందే లెటర్ ఇచ్చి పర్మిషన్ కాగితం తీసుకోండి. 6.30కి మొదటి నాటిక, 7.30కి అయిపోతుంది, 8కి రెండోది, 9కి పూర్తి, ఇంకో గంట చేతిలో ఉంటుంది. ఇది కుదరాలంటే మొదటి నాటిక ముందు ఉపన్యాసాలు ఉండకూడదు. ముఖ్య అతిథి 8కి వస్తారని 6.30 నుంచి జనాన్ని కూర్చోబెట్టిన చోట పని చేశాను, ఆయన వచ్చేసరికి చిన్న పిల్లలున్న ఆడవాళ్ళు అంతా వెళ్ళిపోయారు, నాటిక 9.30కి మొదలైంది, పోలీసులు వచ్చి మైకు ఆపించారు, చివరి సీను మైకు లేకుండా అరిచి ముగించారు పాపం.

బెంగళూరు_ప్రేక్షకుడు

శీను గారు చెప్పిన టైం పాయింట్‌కి ఇంకో ఉదాహరణ. ఇక్కడ జేపీ నగర్‌లో రంగశంకర అని 2004లో మొదలైన థియేటర్ ఉంది, అరుంధతీ నాగ్ గారు నిలబెట్టినది. షో టైం అయితే తలుపులు మూసేస్తారు, తర్వాత ఎవరు వచ్చినా లోపలికి పంపరు. మొదట్లో నేనూ రెండుసార్లు ట్రాఫిక్‌లో ఇరుక్కుని బయటే ఉండిపోయాను, కోపం వచ్చింది, మూడోసారి నుంచి అరగంట ముందే ఉంటున్నాను. ఓపెన్ స్టేజికి తలుపులు లేవు కానీ 6.30 అంటే 6.30కి తెర లేస్తుంది అని మొదటి రోజే ఊరికి తెలిస్తే రెండో రోజు అందరూ ముందే వస్తారు.

కార్యదర్శి గారితో ఒక్క విషయంలో నేను విభేదిస్తాను, మన్నించాలి. మొదటి ఏడాదే పోటీ వద్దు. పోటీలో ఎక్కువ నాటికలు జడ్జీల కోసం తయారవుతున్నాయి, నేను వరసగా చూసిన వాటిలో ముసలి తల్లిదండ్రులు, వృద్ధాశ్రమం, చివర్లో ఒక పెద్ద ఏడుపు డైలాగు, ఉత్తమ నటుడు బహుమతికి సరిపడా అరుపులు ఇవే మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. ఒక్కటి చూస్తే కన్నీళ్ళొస్తాయి, ఆరు వరసగా చూస్తే మనిషి అలసిపోతాడు. మీ ఊరివాళ్ళు ఏళ్ళ తర్వాత నాటకం చూడబోతున్నారు, వాళ్ళకి నాటకంలో ఎన్ని రకాలుంటాయో చూపించండి. ఒక రోజు నవ్వించేది ఒకటి, పల్లె రైతు కథ ఒకటి. ఒక రోజు పిల్లలు వేసే నాటిక ముందు పెట్టండి, పిల్లలు వేస్తే తల్లిదండ్రులు, తాతలు, మేనత్తలు అందరూ వస్తారు. ఒక రోజు మీ తాతగారి కాలాన్ని గుర్తుచేసేలా పద్య నాటకంలో ఒక సీను. కుదిరితే తోలుబొమ్మలాట, ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ కళాకారులున్నారు, దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది కూడా. సురభి వాళ్ళని పిలవాలని అందరికీ ఉంటుంది, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబ నాటకం, కానీ వాళ్ళ సెట్లకి, ట్రిక్కులకి మీ స్టేజి, మీ బడ్జెట్ సరిపోవు, అది రెండో మూడో ఏడాదికి ఉంచుకోండి.

పల్లెటూరివాళ్ళకి ఇవి అర్థమవుతాయా అని ఎవరైనా అంటే హెగ్గోడు గురించి చెప్పండి. కర్ణాటకలో శివమొగ్గ జిల్లాలో వక్కతోటల మధ్య చిన్న ఊరు, కె.వి. సుబ్బణ్ణ గారు వాళ్ళు 1949లో నీనాసం అని సంఘం పెట్టారు, 1985 నుంచి తిరుగాట అని ఒక నాటక బృందం ఏటా రాష్ట్రమంతా తిరిగి నాటకాలు వేస్తోంది. విదేశీ నాటకాల అనువాదాలు కూడా ఆ రైతులు కూర్చుని చూస్తారు.

రచయిత అనుమతి మర్చిపోవద్దు. అమెచ్యూర్ సంఘం టికెట్ లేకుండా వేస్తే కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది, నిజమే. కానీ మీరు పారితోషికం ఇచ్చి పిలిపిస్తున్నప్పుడు ఆ మినహాయింపు మీద ఆధారపడకండి, రచయిత చనిపోయిన 60 ఏళ్ళ దాకా హక్కులుంటాయి, కాబట్టి ప్రతి సమాజం దగ్గర రచయిత రాసిచ్చిన అనుమతి అడగండి. వీలైతే ఆ రచయితని ఒక రోజు పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టండి, శాలువా కంటే ఆయనకి అదే ఎక్కువ.

పరిషత్తు_కార్యదర్శి

బెంగళూరు బాబు చెప్పిన దాంట్లో నిజం లేకపోలేదు, ఏడుపు నాటికలు ఎక్కువయ్యాయి, మా స్క్రూటినీలో మేమే ఆ మాట అనుకుంటున్నాం. కానీ బహుమతి లేకపోతే కొత్త కుర్రాళ్ళ సమాజాలు ఎలా పైకొస్తాయి? పేరున్న నాలుగు సమాజాలనే అందరూ పిలుస్తారు. విజయనగరం నుంచో ప్రొద్దుటూరు నుంచో ఎవరికీ తెలియని టీం వచ్చి మొదటి బహుమతి కొట్టిన రోజులు నేను చూశాను, ఆ డైరెక్టర్ కళ్ళల్లో ఆ రాత్రి చూసింది నేను మర్చిపోలేను. పిలిచి వేయించే పద్ధతే పెట్టుకుంటే ఆరింటిలో కనీసం రెండు కొత్తవాళ్ళకి ఇవ్వండి, అది షరతుగా పెట్టుకోండి.

ఇంకో మాట, సంఘం రిజిస్టర్ చేయించుకోండి. సొసైటీల చట్టం కింద చేయిస్తే బ్యాంకు అకౌంటు తెరవొచ్చు, లెక్కలు ఆడిట్ చేయించొచ్చు. నాలుగేళ్ళు నిలబడితే తంజావూరులో దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం ఉంది, కేంద్ర సాంస్కృతిక శాఖ గ్రాంట్లు ఉన్నాయి, లెక్కలు సరిగ్గా ఉన్నవాళ్ళే వాటికి అప్లై చేయగలరు. 15 మంది స్నేహితులు విడిపోయేది కూడా లెక్కల దగ్గరే, అందుకని ప్రతి రూపాయికీ రసీదు ఉంచండి.

తణుకు_పక్కన

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్ అండి, ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. రాత్రి వీడియో కాల్‌లో అందరం మాట్లాడుకున్నాం. జనవరి 10, 11, 12 అనుకున్నాం, భోగికి ముందు, అప్పటికి బయట ఉన్న మావాళ్ళంతా ఊరికి వచ్చేస్తారు, పందేలు ఇంకా మొదలవ్వవు. మొదటి ఏడాది పోటీ పెట్టట్లేదు, 6 నాటికలు పిలిపిస్తాం, అందులో రెండు కొత్త సమాజాలకి. బహుమతులకి అనుకున్న 60 వేలలో సగం పారితోషికాల్లో కలిపి ఒక్కో నాటికకి 30 వేలు చేస్తాం. మిగతా సగం మా హైస్కూల్ పిల్లల చేత ఒక నాటిక వేయించడానికి, తెలుగు మాస్టారు ఇప్పుడే ఒప్పుకున్నారు, ఆయన కాలేజీలో నాటకాలు వేసేవారంట, మాకెవరికీ ఇన్నాళ్ళూ తెలీదు. అది మొదటి రోజు 5.45కి, అరగంటే.

నేనూ ఇంకో ఫ్రెండూ వచ్చే నెల నుంచి పరిషత్తులు తిరిగి నాటికలు చూస్తాం. అక్కా, బడిలో రెండు గదులు అడిగాను, హెడ్‌మాస్టారు ఇస్తానన్నారు, గడియలు పాడైపోయాయి, కొత్తవి వేయిస్తున్నాం. సన్మానాలు, ఉపన్యాసాలు అన్నీ మూడో రోజు చివర్లో 20 నిమిషాలు, అంతే. సర్పంచ్ గారికి ముందే చెప్పేశాం, ఆయన కొంచెం మొహం చిన్నబుచ్చుకున్నారు గానీ సరే అన్నారు.

శీను అన్నా, స్టేజి కొలిచాను. వెడల్పు 28 అడుగులు, లోతు 16, ఎత్తు 4, పైన రేకుల కప్పు ఉంది 14 అడుగుల ఎత్తులో. సరిపోతుందా?

లైటింగ్_శీను

వెడల్పు ఓకే. లోతు చాలదు అన్నా, వెనక తెర కట్టి దాని వెనక మనిషి నడవడానికి 2 అడుగులు వదిలితే నీకు మిగిలేది 14. ముందు వైపు 6 అడుగులు చెక్క ప్లాట్‌ఫాం వేయించు, స్టేజి ఎత్తుకి సమానంగా 4 అడుగులు, కింద ఇనప స్టాండ్లు, పైన మందం ప్లైవుడ్, మీద కార్పెట్ పరిచి మేకులు కొట్టెయ్, అతుకు దగ్గర నటుల కాలు తట్టకూడదు. నడిస్తే డప్పులా మోగకుండా కింద కొబ్బరి పీచు గోనెలు కుక్కించు, లేకపోతే కింది మైకులు ఆ మోత అంతా పట్టేస్తాయి. రేకుల కప్పుకి లైట్లు కట్టొద్దు, బరువు ఆగదు, రెండు పక్కలా లైట్లు కట్టే ట్రస్ ఫ్రేములు నిలబెట్టిస్తాం. ప్లాట్‌ఫాం వేశాక పది మందిని ఎక్కించి గెంతమను, ఊగితే నాకు ఫోన్ చెయ్.